తవుడిచ్చి కొన్న బిడ్డ

దర్శనం అయ్యాక పులిహోర పొట్లం పుచ్చుకుని బయటికి వస్తూంటే, చెప్పులు విడిచిన చోటికి పక్కనే ఓ చిన్న బల్ల కనిపిస్తుంది. దాని మీద పసుపు కుంకాల పొట్లాలు, ఎర్రదారాలు, విష్ణు సహస్రనామం, లలితా సహస్రనామం, వాటి మధ్య రంగుల అట్టతో ఓ పల్చటి పుస్తకం. "క్షేత్ర మాహాత్మ్యము" అనో "స్థల పురాణము" అనో పేరు. మనం కొంటాం. బస్సులో సగం చదువుతాం. ఇంటికి రాగానే దేవుడి గూట్లో పెట్టేస్తాం. పండక్కి దుమ్ము దులిపేటప్పుడు కళ్ళకద్దుకుని మళ్ళీ అక్కడే పెడతాం. అంతే దాని బతుకు.

నవలలకీ, కవితా సంపుటాలకీ పత్రికల్లో సమీక్షలు వస్తాయి. ఇంటింటా వున్న ఈ పుస్తకం జోలికి మాత్రం ఏ సమీక్షకుడూ పోడు. భక్తుడికి అది ప్రశ్నించరానిది, హేతువాదికి చదవక్కర్లేనిది. ఇద్దరూ కలిసి దాన్ని అనాథని చేశారు. నాకేమో అదీ సాహిత్యంలో ఓ ప్రక్రియే అనిపిస్తుంది. ప్రక్రియ అన్నాక దాని అందం దానికుంటుంది, దాని తప్పులూ దానికుంటాయి. రెండూ చూడాలి.

ఆ పుస్తకంలో "ఈ స్వామిని సాక్షాత్తూ బ్రహ్మదేవుడు ప్రతిష్ఠించాడు" అని వుంటుంది. అదే గుడి బయట పురావస్తు శాఖవారి బోర్డు మీద "పన్నెండో శతాబ్దం" అని వుంటుంది. రెండింటికీ మధ్య దూరం పది గజాలు. తొమ్మిదో క్లాసు చదివే అమ్మాయి రెండూ చదివి, "అమ్మా, వీళ్ళిద్దరిలో అబద్ధం చెబుతున్నదెవరు?" అని అడుగుతుంది. మనం ఏమంటాం? "తప్పు, దేవుడి దగ్గర అలా అనకూడదు. లెంపలేసుకో" అంటాం. పిల్ల లెంపలేసుకుంటుంది గాని, ప్రశ్న ఎక్కడికీ పోదు.

శ్రీనగర్ కాలనీలో వుండేవాళ్ళకి ఈ ప్రశ్న ఇంకా దగ్గర. మన కాలనీ నిన్న మొన్నటిది. ఇక్కడి వెంకటేశ్వరస్వామి గుడి గాని, సత్యసాయి నిగమాగమం గాని మనుషులు ప్లాను గీసి కట్టినవే. ఎవరూ కాదనరు. కాని అమీర్‌పేట దాటి బల్కంపేట వెళ్ళండి, కథ మారిపోతుంది. అక్కడ ఎల్లమ్మ తల్లి భూమట్టానికి పది అడుగుల లోతున, బావిలో కొలువై వుంటుంది. ఓ రైతు బావి తవ్వుతూంటే అమ్మవారు బయటపడిందనీ, పైకి తీయాలని ఎంతమంది పట్టినా కదల్లేదనీ, అందుకే వున్నచోటే పూజ మొదలుపెట్టారనీ జనం చెప్పుకుంటారు. ఆషాఢంలో అమ్మవారి కల్యాణానికి ఇసకవేస్తే రాలదు.

అక్కణ్ణించి సికింద్రాబాదు వెళితే మరో రకం కథ. ఉజ్జయినీ మహంకాళి గుడి. సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య అనే ఆయన 1813లో ఉజ్జయినికి బదిలీ మీద వెళ్ళాడట. కలరా వచ్చి జనం పిట్టల్లా రాలిపోతూంటే, గండం గడిస్తే మా వూళ్ళో నీకు గుడి కట్టిస్తానని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడట. 1815లో తిరిగొచ్చి, కొయ్యతో అమ్మవారి విగ్రహం చేయించి నిలబెట్టాడట. ఆ గుడి కథగా అందరూ చెప్పేది ఇదే.

చూశారా? బ్రహ్మ లేడు, ఇంద్రుడు లేడు. ఓ డోలీ మోసే మనిషి, ఓ మహమ్మారి, ఓ మొక్కు. మరి బోనాల నాడు ఆ గుడి ముందు వరస ఏమైనా తగ్గిందా? "అయ్యో, ఇది రెండు వందల ఏళ్ళదేనటగా" అని నెత్తిమీది బోనం దించుకుని వెనక్కి వెళ్ళిన తల్లి ఎవరైనా వున్నదా? పుట్టుక గురించి నిజం చెబితే భక్తి పోతుందని కొందరికి భయం. ఆ భయానికి సికింద్రాబాదులో మాత్రం ఆధారం దొరకదు.

ఇక "అబద్ధం" అన్న మాట సంగతి. తెలుగులో ఈ సరుకుకి పేర్లకి కొదవలేదు. అసత్యం, బొంకు, కోత, కట్టుకథ, పుక్కిటి పురాణం. అన్నీ ఒకటే అనుకుంటాం గాని కావు. వున్నది వున్నట్టు కానిదల్లా అసత్యం. తెలిసి తెలిసి, ఎదుటివాళ్ళని నమ్మించాలని చెప్పింది బొంకు. "బస్సు ఐదింటికి" అని పక్కింటావిడ చెబితే మీరు వెళ్ళేసరికి అది నాలుగింటికే పోయిందనుకోండి. ఆవిడకి తెలియక చెబితే పొరపాటు. మీరు వెళ్ళకూడదని చెబితే బొంకు. మాట అదే, బస్సూ అదే. తేడా చెప్పిన మనసులో వుంది.

ఆ లెక్కన గుడి అర్చకుడు బొంకుతున్నాడా? ఆయన తన తండ్రి దగ్గర విన్నది మనకి వినిపిస్తున్నాడు. ఆయన తండ్రి వాళ్ళ తాతగారి దగ్గర విన్నాడు. ఆ మాటకొస్తే పురాణాలు మొదలయ్యేదే ఇలాగ కదా! నైమిశారణ్యంలో శౌనకాది మునులు అడిగితే సూతుడు చెప్పాడు, సూతుడు వ్యాసులవారి దగ్గర విన్నాడు. తలుపు తీయగానే "నేను విన్న మాటని" అని తనంత తానే చెప్పేసుకుంటుంది ఆ కథ. మన కాలనీ చుట్టుపక్కల సినిమా ఆఫీసులు ఎక్కువ. సినిమాకి ముందు "ఇందులోని పాత్రలు కేవలం కల్పితం" అని ఓ కార్డు వేస్తారు. పురాణానికి నైమిశారణ్యమే ఆ కార్డు అనుకోండి.

ఇది మన ఒక్కరి సొత్తూ కాదు. మౌలాలీ గుట్ట కథ వినండి. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1578లో అంటారు, ఆస్థానంలోని యాకూత్ అనే ఆయనకి కల వచ్చింది. కలలో హజ్రత్ అలీ ఆ గుట్ట మీద కూర్చుని కనిపించారు. తెల్లారి వెళ్ళి చూస్తే బండ మీద చెయ్యి గుర్తు వుందట. అలీ హైదరాబాదు ప్రాంతానికి వచ్చారని చరిత్ర చెప్పదు. కథ కూడా చెప్పదు! కల వచ్చిందని మాత్రమే చెబుతుంది. కలకి సాక్షులుండరు, కలని బొంకు అనే హక్కూ మనకి లేదు.

ఇలాంటి కథల్ని తూచడానికి మన ఇళ్ళల్లోనే ఓ తక్కెడ వుంది. "నిన్ను మేం కనలేదే, సంతలో తవుడిచ్చి కొన్నాం" అని చిన్నపిల్లని ఏడిపించని తెలుగిల్లు వున్నదా? పుట్టుక గురించి ఇంత పచ్చి అసత్యం ఇంకోటి లేదు. చెప్పేది ఎవరు? కన్నతల్లి, మేనమామ, బామ్మగారు. అయినా దాన్ని బొంకు అని ఎవరూ అనరు. పిల్ల పెదవి విరవగానే ఎత్తుకుని ముద్దులాడతారు గనుక. "నువ్వు మాకు అంత అపురూపం" అన్న మాటే అలా తలకిందులుగా వస్తుంది.

ఇప్పుడు పాతికేళ్ళు ముందుకి రండి. ఆస్తి పంపకాలు. పెద్దమనుషులు కూర్చున్నారు. అప్పుడు అదే మేనమామ లేచి, "ఈ పిల్లని వాళ్ళు కనలేదండీ, తవుడిచ్చి కొన్నారు, దీనికి వాటా లేదు" అన్నాడనుకోండి. మాట ఒక్క అక్షరం మారలేదు. కాని ఇప్పుడది బొంకే. బొంకు కన్నా దారుణం. ముద్దు చేయడానికి పుట్టిన కథని దస్తావేజు చేశాడాయన.

మతాల పుట్టుపూర్వోత్తరాల కథలకీ నేను పెట్టే గీటురాయి ఇదే. కథ కథగా వున్నంతసేపు దాన్ని అబద్ధమనడం అరసికత. అది దస్తావేజుగా మారిన క్షణాన మాత్రం ఏ దస్తావేజుకైనా పెట్టే పరీక్ష దానికీ పెట్టాల్సిందే.

ఇలా మారడం కొత్తేమీ కాదు. కాలిన్ మెకంజీ అనే దొరగారు మన వూళ్ళ చరిత్రలు సేకరించినప్పుడు కరణాలూ పెద్దలూ చెప్పినవి రాసిన కైఫీయతులు వున్నాయి. ఏలూరి నుంచి వచ్చిన కావలి సోదరులు ఆయనకి కుడిభుజం. ఆ కైఫీయతుల్లో ఒకే వూరి గురించి మొదట ఏ ఋషి తపస్సు చేశాడో, ఏ దేవుడు వెలిశాడో వుంటుంది. కాస్త కిందికి వస్తే ఆ దేవుడికి ఎంత మాన్యం, ఎవరికి ఎంత ఈనాం అని లెక్కలుంటాయి. భక్తి, భూమి ఒకే కాగితం మీద కాపురం చేస్తాయి. కథ ఎక్కడ ఆగిందో, లెక్క ఎక్కడ మొదలైందో కనిపెట్టడమే చదివేవాళ్ళ పని.

ఇక నిఖార్సైన బొంకు చూడాలంటే ఐరోపా వెళ్ళాలి. నాలుగో శతాబ్దపు చక్రవర్తి కాన్‌స్టంటైన్ రోమునీ, పడమటి రాజ్యాలనీ పోపుకి ధారపోశాడని ఓ దానపత్రం వుండేది. కొన్ని వందల ఏళ్ళపాటు పోపులు దాన్ని చూపించి రాజుల మీద పెత్తనం చేశారు. 1440లో లొరెంజో వల్లా అనే పండితుడు ఆ పత్రాన్ని మాట మాటా పట్టి చూశాడు. అందులో వాడిన భాష కాన్‌స్టంటైన్ కాలానిది కానే కాదు. నన్నయగారి కాలం శాసనంలో "కలెక్టరుగారు" అన్న మాట కనిపిస్తే మనం ఏమనుకుంటాం? అలాగన్నమాట. అది ఎనిమిదో శతాబ్దంలో ఎవరో కూర్చుని రాసిన దొంగ కాగితమని తేలింది. రాసినవాడికి తాను రాసేది తప్పని తెలుసు, దానివల్ల వచ్చే లాభమూ తెలుసు. బొంకు అంటే అదీ! ఇంకో ముచ్చట. ఆ వల్లాయే తరవాత పోపుగారి కొలువులో ఉద్యోగం చేశాడు. దానపత్రం పోయినా పోపు పోలేదు, మతమూ పోలేదు.

మరి ఈ రెండింటికీ మధ్య వుండేవాటి సంగతి? మనకి బాగా తెలిసినదే ఒకటి వుంది. 2021 ఏప్రిల్ 21, శ్రీరామనవమి నాడు తిరుమల తిరుపతి దేవస్థానంవారు తిరుమలలోని అంజనాద్రే హనుమంతుడి జన్మస్థలం అని ప్రకటించారు. అంతకు ముందు వేసిన పండితుల సంఘం ఇచ్చిన ఆధారాలు చూపించారు. పౌరాణికం, వాఙ్మయం, శాసనం, భౌగోళికం అని నాలుగు రకాలు. హంపీ దగ్గరి కిష్కింధవారు ఒప్పుకోలేదు. అక్కడా ఓ అంజనాద్రి వుంది మరి. మే నెలలో తిరుపతిలో ఇరువైపులవారూ చర్చకి కూర్చున్నారు, ఎవరి మాట మీద వాళ్ళు లేచారు. నాసిక్ దగ్గర అంజనేరివారూ, జార్ఖండ్‌లో గుమ్లా దగ్గర ఆంజన్ గ్రామంవారూ హనుమంతుడు మా వాడే అంటారు. అంజనమ్మ ఒక్క బిడ్డని ఎన్ని పురుళ్ళు పోసుకుందో పాపం!

దీన్ని నేను బొంకు అనను. చెప్పినవారు నమ్మే చెప్పి వుంటారు. కాని ఒక్క మాట అడగాలి. మన పురాణం ఎంత హాయిగా చెప్పింది! ఒకే కొండకి కృతయుగంలో వృషాద్రి, త్రేతలో అంజనాద్రి, ద్వాపరంలో శేషాద్రి, కలియుగంలో వేంకటాద్రి అని నాలుగు పేర్లు పెట్టింది. యుగానికో పేరు పెట్టి పిలుచుకున్న ముద్దు అది. దానికి అక్షాంశాలూ రేఖాంశాలూ అక్కర్లేదు, పోటీదారూ వుండడు. "శాసన ఆధారం" అనగానే మాత్రం మనం పురాణం ఇల్లు దాటి చరిత్ర ఇంట్లో అడుగుపెట్టాం. ఆ ఇంటి కట్టుబాట్లు వేరు. ఆ కొండని అంజనాద్రి అన్నారని శాసనంలో వుంటే, శాసనం చెక్కిన కాలంలో జనం ఆ కొండని అలా పిలిచారని రుజువవుతుంది. త్రేతాయుగంలో అక్కడ ఓ బిడ్డ పుట్టాడని రుజువు కాదు. ఈ తేడా చెప్పకుండా దాటేస్తే, చెప్పినవారు బొంకకపోయినా విన్నవాళ్ళు మోసపోతారు. "నాసావాళ్ళు కూడా ఒప్పుకున్నారు" అని ఫోన్లలో తిరిగే మాటలది ఇదే దారి, ఇంకా నాసిరకం.

"ఎవరికీ నష్టం లేనప్పుడు ఏమి చెప్పుకుంటే ఏమిటమ్మా?" అని మీలో కొందరైనా అంటారు. సబబే. కాని నష్టం ఒక్కోసారి కంటికి కనబడదు. "దేవతలు కట్టారు" అన్నప్పుడల్లా కట్టిన మనుషుల పేర్లు చెరిగిపోతాయి. అందులో మన ఆడవాళ్ళ పేర్లు ఎన్నో!

అమరావతి సంగతే తీసుకోండి. అమరేశ్వరుణ్ణి ఇంద్రుడు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. ఆ వూళ్ళోనే వున్న స్తూపాన్ని పూర్వం జనం దీపాలదిన్నె అనేవారు. అది బౌద్ధులదని ఎవరికీ గుర్తు లేదు. 1797లో మెకంజీ వచ్చి చూసేసరికి రాళ్ళు ఇళ్ళకీ కట్టడాలకీ తరలిపోతున్నాయి. ఇది బొంకు కాదు, మరపు. మరి ఆ రాళ్ళ మీద ఏముంది? దానం చేసినవాళ్ళ పేర్లు. భిక్షుణులు, గృహిణులు, వర్తకుల భార్యలు. విధికుడనే ఓ చర్మకారుడు తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కూతుళ్ళతో కలిసి పూర్ణకుంభం చెక్కిన ఫలకం ఇచ్చాడు. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి చెల్లెలు చాంతిసిరి మహాచైత్యానికి చేసిన దానాలు మూడో శతాబ్దపు స్తంభాల మీద ఇప్పటికీ చదువుకోవచ్చు. ఇంద్రుడికి పేరు పోతే వచ్చే లోటు లేదు. విధికుడి తల్లికి ఆ ఒక్క రాయే దిక్కు.

అలాగని కథలన్నీ చెరిపేవే అనడమూ అన్యాయం. పల్నాడులో చేజర్ల కపోతేశ్వరస్వామి గుడి వుంది. వెనక గోడ గుండ్రంగా, పైకప్పు ఏనుగు వీపులా వంపు తిరిగి వుంటుంది. అది మొదట బౌద్ధుల చైత్యగృహమని పండితులు చెబుతారు. స్థలపురాణం మాత్రం, పావురాన్ని కాపాడటానికి శిబి చక్రవర్తి తన మాంసం కోసిచ్చిన చోటు ఇదే అంటుంది. ఆ శిబి కథ మన భారతంలో వుంది, బౌద్ధుల జాతక కథల్లోనూ వుంది, నాగార్జునకొండ శిల్పాల్లోనూ వుంది. గుడి చేతులు మారింది. దేవుడు మారాడు. ఇద్దరికీ తెలిసిన కథ మాత్రం నిలిచింది. పుట్టింటి పేరు మరిచిపోయినా పుట్టింటి వంట మరవని కోడలిలా, ఆ స్థలపురాణం పాత ఇంటి వాసన దాచుకుందని నాకనిపిస్తుంది. దాన్ని అబద్ధం అని కొట్టేస్తే ఆ ఆనవాలు కూడా పోతుంది.

అందుకే మనకి రెండూ కావాలి, కథా కావాలి, శాసనమూ కావాలి. ఒకదాని కుర్చీలో ఇంకొకటి కూర్చోకూడదు, అంతే.

ఈ పొందిక ఎలా కుదురుతుందో చూడాలంటే మళ్ళీ తిరుమలకే వెళ్ళాలి. గర్భాలయంలో మూలవిరాట్టు స్వయంభువు, స్వయంగా వెలిసినవాడు. అది విశ్వాసం. ఆ పాదాల దగ్గరే భోగ శ్రీనివాసమూర్తి, చిన్న వెండి విగ్రహం. అది ఎవరిచ్చారో శాసనం వుంది. పల్లవ వంశపు సామవై అనే రాణి చేయించి, నగలూ భూములూ ఇచ్చింది. పదో శతాబ్దం అని చరిత్రకారుల్లో ఎక్కువమంది లెక్క. ఈ శాసనాలన్నిటినీ వెతికి, చదివి, 1930లలో సంపుటాలుగా అచ్చువేయించింది కూడా ఆ దేవస్థానమే. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు అందుకోసం కష్టపడ్డారు. స్వామి వెలిశాడన్న మాటకీ, ఈ మూర్తిని సామవై ఇచ్చిందన్న మాటకీ వెయ్యేళ్ళుగా అక్కడ పోట్లాట లేదు. ఒకే దీపం వెలుగులో రెండూ వున్నాయి.

మనమ్మాయి ప్రశ్నకి అందుకే లెంపలేసుకోమనక్కర్లేదు. "బోర్డు రాసినవాళ్ళు గుడి ఎప్పుడు కట్టారో చెబుతున్నారు. పుస్తకం రాసినవాళ్ళు ఆ గుడి తమకెంత గొప్పో చెబుతున్నారు. ఇద్దరూ అబద్ధాలవాళ్ళు కారు. కాని పుస్తకం పట్టుకుని ఎవరైనా ఇంకొకరి వాటా లాక్కోబోతే, అప్పుడు బోర్డు చదివి వినిపించు" అని చెబితే చాలు. పిల్లకి అర్థమవుతుంది. తవుడు కథ విని ఏడ్చి, ఆనక నవ్వుకున్న పిల్లే కదా.

ఈసారి తిరుమల వెళ్ళినప్పుడు దానికి ఇంకో సంగతి కూడా చెప్పండి. ధనుర్మాసంలో తప్ప, రాత్రి ఏకాంత సేవలో పవళింపజేసేది సామవై ఇచ్చిన ఆ వెండి మూర్తినే.